పన్నెండేళ్ళ దాకా జలగండం

మా అత్తగారికి సముద్రం పడదన్న సంగతి, ఆవిణ్ణి వారంపాటు సముద్రం మీద తిప్పడానికి టికెట్లు కొన్నాక గాని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. తట్టాల్సింది మా ఆయనకి. కన్నకొడుకు కదా. కాని మా చక్రికి వాళ్ళమ్మ గురించి గట్టిగా తెలిసినవి రెండే ముక్కలు. ఆవిడ గుత్తివంకాయ కూరకి సాటి లేదు, ఆవిడ వద్దన్న పని చేస్తే ఇంట్లో ఎవరికీ నవ్వే యోగం ఉండదు.

ఇది 2019 ఫిబ్రవరి నాటి మాట. అప్పటికి మేం మాంచెస్టర్‌లో పాతకాపులమైపోయాం. నేను హాస్పిటల్లో ఫార్మసిస్టుని, చక్రి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగి. మా అమ్మాయి మనస్వినికి తొమ్మిదేళ్ళు. అక్కడే పుట్టింది. తెలుగులో తిట్టినా ముద్దు చేసినా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతుంది, అదీ అచ్చం స్కూలు దగ్గర రోడ్డు దాటించే ఆవిడ యాసలో. మా అత్తగారు రాజ్యం, గుడివాడ నుంచి ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. నవంబరులో దిగిన దగ్గర్నుంచీ వాన, మధ్యాహ్నానికే కమ్ముకొచ్చే చీకటి, రేడియేటర్ల మీద ఆరేసిన బట్టలు తప్ప ఆవిడ చూసిన ఇంగ్లండు లేదు. అమ్మకి నాలుగు రోజులు ఎండ చూపిద్దామని చక్రికి బుద్ధి పుట్టింది. పిల్ల స్కూలుకిచ్చే హాఫ్‌టర్మ్ సెలవుల్లో కరీబియన్ క్రూజు బుక్ చేశాడు. మాంచెస్టర్‌లో విమానమెక్కి బార్బడోస్‌లో దిగడం, అక్కడ ఓడెక్కడం, ఆపైన రోజుకో దీవి, రోజుకో రేవు. ఆ వారం డ్యూటీల రోటాలో నా పేరు తప్పించుకోవడానికి నేను క్రిస్మస్ పండగంతా హాస్పిటల్లోనే గడపాల్సి వచ్చింది. అది చెప్పుకుంటే వేరే రామాయణం.

ఓడ బొమ్మ చూపించగానే మా అత్తగారు "అంతా నీళ్ళేగా" అన్నారు. అది ఊరంత ఓడ అనీ, లోపల ఉంటే నీళ్ళ మీద ఉన్నట్టే తెలియదనీ చక్రి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఆవిడ ఆ పూటంతా ఆలోచించి రెండు షరతుల మీద ఒప్పుకున్నారు. తన గదికి కిటికీ ఉండకూడదు. పిల్ల సముద్రంలో కాలు పెట్టకూడదు. మొదటిది కొడుకు ఖర్చు తగ్గించడానికని అనుకున్నాం. రెండోది మాకు కొత్త కాదు. జలగండం.

మనస్విని పుట్టిన నెలలోనే గుడివాడలో సిద్ధాంతిగారి చేత జాతకం వేయించి, ఫోన్లో మాకు సంగతి తెలియజేశారు ఆవిడ. పన్నెండేళ్ళ దాకా జలగండం ఉందట. చెరువు, కాలవ, సముద్రం, ఏదీ దగ్గరికి రానివ్వకూడదట. నేను ప్రొద్దుటూరు దాన్ని. మా పెన్నలో నీళ్ళు లేకపోవడమే గండం గాని, నీళ్ళుండి గండమేమిటో మా వాళ్ళెరగరు. అయినా పెద్దావిడ మాట కాదనలేక సరేనన్నాను. మాంచెస్టర్‌లో పిల్లకి ఎదురయ్యే కాలవలేమున్నాయి గనక అనుకున్నాను.

మాంచెస్టర్ స్కూళ్ళకి సిద్ధాంతిగారి సంగతి తెలియదు కదా. నాలుగో తరగతిలో పిల్లలందర్నీ బస్సెక్కించి ఈతకొలనున్న లెజర్ సెంటరుకి తీసుకుపోయి ఈత నేర్పుతారు. మా పిల్లని పంపననడానికి కారణమేం చెప్పాలో తోచక పంపాను. పంపాక అది నీళ్ళలోంచి బయటికి రానంది. స్కూల్లో నేర్పింది చాలక శనివారం పొద్దున క్లబ్బులో చేరింది. పోటీలో మెడల్ కూడా తెచ్చుకుంది. అత్తగారు దిగాక శనివారం ఈత కాస్తా శనివారం మ్యాథ్స్ ట్యూషన్ అయింది. తిరిగొచ్చేటప్పుడు కారు హీటరు ముందు దాని జుట్టు ఆరబెట్టి మరీ ఇంట్లోకి తెచ్చేదాన్ని. ఒకసారి ఆవిడ పిల్లని దగ్గరికి తీసుకుని తల వాసన చూసి, ఆ ట్యూషన్ మేష్టారు పిల్లలకి బ్లీచింగ్ పౌడరు పూస్తాడా ఏమిటే అని అడిగారు. నోట్లో నువ్వుగింజ నానని మా ఆయన కూడా ఈ ఒక్క రహస్యం కడుపులో దాచుకున్నాడంటే ఆవిడంటే ఎంత భయమో చూడండి.

క్రూజు సంగతి తెలిసిన రోజునుంచీ పిల్లకి నిద్ర లేదు. నిజం సముద్రంలో ఈదాలి. గోడలు లేని నీళ్ళలో, అడుగున చేపలు కనబడే నీళ్ళలో ఈదాలి. స్కూల్లో అందరికీ చెప్పుకుంది, ఈత నేర్పే కోచ్‌కి చెప్పింది, కోచ్ గాగుల్స్ కొనిచ్చింది. ఒక పక్క ఆ గాగుల్స్, ఇంకో పక్క నానమ్మ షరతు. ఓడ దిగేనాటికి ఎవరో ఒకరి కళ్ళనీళ్ళు చూడక తప్పదని నాకు తెలుసు. ఎవరివన్నదే తెలియదు.

ఓడలో మొదటి పూట మా ఎలక్ట్రిక్ కుక్కర్ని పట్టుకున్నారు. వేడి చేసే సామానేదీ గదుల్లోకి రానివ్వరట. నేరస్థురాలి ఫొటో పట్టుకున్నట్టు ఎక్స్‌రే బొమ్మ పట్టుకుని, ఇది ఎవరిదని ఆఫీసరు అడిగితే మా అత్తగారు నా వైపు చూశారు, నేను మా ఆయన వైపు చూశాను. దిగేటప్పుడు ఇస్తామని చీటీ కట్టి ఉంచుకున్నారు. కారప్పొడికీ చేగోడీలకీ మాత్రం దారి వదిలారు. ఆవిడకేం లోటు రాలేదు. బఫేలో పెరుగు, తెల్లన్నం చూసుకుని దధ్యోజనం కలిపేశారు. గోవా నుంచి వచ్చిన వెయిటరబ్బాయి ఆంటీజీ ఆంటీజీ అంటూ ఆవిడకి అల్లం ముక్కలు తెచ్చి పెట్టేవాడు. కాని ఒకటి గమనించాను. ఆవిడ నడవాల్లో గోడ పక్కనే నడిచేవారు. అద్దాలున్న వైపు వస్తే తల దించుకుని నన్ను మాటల్లో పెట్టేవారు. డెక్ మీదికి రమ్మంటే కాళ్ళనొప్పులు.

అలాంటావిడ మొదటి సాయంత్రమే పైకి వచ్చారు. పిల్ల ఏమీ తినకుండా పరిగెత్తిందని గిన్నెలో పెరుగన్నం పట్టుకుని, లిఫ్టులో ఎవరినో అడిగి, ఈతకొలను ఉన్న డెక్ దాకా వచ్చేశారు. మేం ఊహించలేదు. మనస్విని అప్పుడే కొలనులో దూకి నీటి అడుగున ఆ చివరిదాకా ఒకే ఊపిరితో పోవాలని పందెం వేసుకుంది. ఒడ్డున దాని చెప్పులున్నాయి, నీళ్ళ మీద పిల్ల లేదు. గిన్నె కిందపడిన చప్పుడుకి తిరిగి చూస్తే మా అత్తగారు. ఇంతలో పిల్ల అటు చివర తల పైకెత్తి, నవ్వుతూ నానమ్మకి చెయ్యి ఊపింది.

ఇక దాచి లాభం లేదనుకున్నాను. ధైర్యం చెప్పాలన్నదే నా ఉద్దేశం. "దానికి ఈతొచ్చు అత్తయ్యా. బాగా వచ్చు. మీరేం భయపడొద్దు" అన్నాను.

ఆవిడ మొహం తెల్లగా పాలిపోయింది. అప్పటిదాకా ఉన్నది భయమైతే, ఇప్పుడు దాన్ని మించినదేదో వచ్చింది. "ఈతొచ్చా" అన్నారు, అంతే. గోడ పట్టుకుని కిందికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి అన్నానికి రాలేదు. చక్రి వెళ్ళి తలుపు దగ్గర నిలబడి బతిమాలాడు, తిట్టమన్నాడు. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని మొదటిసారి అనిపించింది నాకు.

అహం దెబ్బతింది పెద్దావిడకి, ఇన్నాళ్ళు మోసం చేశామని కోపం అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

మర్నాడు సెయింట్ లూసియా. టాక్సీ మాట్లాడుకుని బీచికి వెళ్ళాం. ఆ నీళ్ళ రంగు గురించి చెప్పడం నా చేత కాదు, అటువంటి నీలం నేను పట్టుచీరల కొట్లో కూడా చూడలేదు. మా అత్తగారు నీళ్ళకి వీపు పెట్టి కుర్చీలో కూర్చున్నారు. మనస్విని ఇసకలో కూర్చుంది. అల వచ్చినప్పుడల్లా కాళ్ళు వెనక్కి లాక్కుంటోంది. గాగుల్స్ మెళ్ళో ఉన్నాయి. పోనీ కాళ్ళు తడుపుకోవే, నేను చూసుకుంటానని చెవిలో చెప్పాను. అది నావైపు తిరిగి, "ఐ ప్రామిస్డ్ నానమ్మ" అంది. గదిలో నానమ్మా మనవరాలూ ఒకటే మంచం. రాత్రి ఆవిడ ఒట్టు వేయించుకున్నట్టున్నారు. పిల్ల అలగలేదు, ఏడవలేదు. నీళ్ళలో కేరింతలు కొడుతున్న పిల్లల్ని చూస్తూ బొమ్మరిళ్ళు కట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది.

"ఆ గండం పిల్లకి కాదు, నాకున్నది. అత్తగారి రూపంలో నాకు తగిలినట్టు ఎవరికీ తగల్లేదు" అన్నాను చక్రితో, ఆవిడకి వినిపించేంత గట్టిగానే. చక్రి ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టు నిలబడి, ఐస్‌క్రీం తెస్తానని జారుకున్నాడు. గుడివాడలో పుట్టి పెరిగి కూడా ఏనాడూ కాలవలో దిగని మొనగాడు మా ఆయన. దిగనిచ్చింది ఎవరు గనక.

ఆ మర్నాడు డొమినికా. రేవు పేరు రోసో. అంతవరకూ చూసిన దీవుల్లాంటిది కాదది. ఏడాదిన్నర కిందట పెద్ద తుఫాను వచ్చిందట. ఓడ దిగి నాలుగడుగులు వెయ్యగానే తెలిసిపోయింది. కప్పులు లేని ఇళ్ళు, కప్పుల చోట నీలం టార్పాలిన్ పట్టాలు, కొండల మీద కొమ్మల్లేని మోళ్ళు. ఆ మోళ్ళకే కొత్త ఆకులు పిచ్చిపిచ్చిగా పుట్టుకొచ్చి ఉన్నాయి. మా అత్తగారు ఆ రోజు తల దించుకోలేదు. ప్రతి ఇంటి ముందూ ఆగి చూశారు. గోడల మీద మరకలు చూశారు.

రేవు పక్కనే సంత. చక్రి పిల్లకి కొబ్బరినీళ్ళు తాగిస్తానని అటు తీసుకెళ్ళాడు. మేమిద్దరం పళ్ళమ్మే ఆవిడ దగ్గర ఆగాం. లావుపాటి మనిషి, తలకి గళ్ళ గుడ్డ, ముందు బల్ల మీద పంపరపనస లాంటి పళ్ళూ అల్లమూ జాజికాయా పోసుకుని కూర్చుంది. ధర అడుగుతారనుకుంటే మా అత్తగారు, ఈవిడ ఇల్లు ఉందో పోయిందో అడగమన్నారు. నాకు మొహమాటం వేసింది. అయినా అడిగాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. కప్పు ఎగిరిపోయిందనీ, తెల్లారేదాకా బాత్రూంలో పరుపు నెత్తిన పెట్టుకుని కూర్చున్నామనీ, కొండ మీంచి వచ్చిన నీళ్ళు వంటింట్లోంచి పారాయనీ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను.

"నీళ్ళు ఎంత ఎత్తొచ్చాయో అడుగమ్మాయ్" అన్నారు మా అత్తగారు.

ఆవిడ లేచి నిలబడి తన నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. మా అత్తగారు తల ఊపారు. ఆ తరవాత తన చెయ్యి ఎత్తారు. తన నడుం దగ్గర కాదు, తల మీద కాదు. చుట్టూ చూసి, రోడ్డు పక్కనున్న కరెంటు స్తంభం చూపించి, దాని మీద దీపం ఉన్నంత ఎత్తుకి వేలు పెట్టి ఇంత అన్నట్టు చూపించారు. పళ్ళావిడ స్తంభం వైపు చూసింది, ఈవిడ మొహం వైపు చూసింది. తన స్టూలు ఇటు జరిపి, భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

నాకు తెలిసినదల్లా, మా అత్తగారి పుట్టిల్లు దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లె అనీ, ఆవిడ అమ్మానాన్నా డెబ్భై ఏడు ఉప్పెనలో పోయారనీ, మేనమామ గుడివాడ తీసుకొచ్చి పెంచాడనీ. కృష్ణా జిల్లాలో ఆ మాట చాలా ఇళ్ళల్లో వినబడుతుంది. ఉప్పెనలో పోయారు అంటారు, విన్నవాళ్ళు అయ్యో అంటారు, కాఫీలు తాగుతారు. చక్రికీ అంతే తెలుసు.

"సిద్ధాంతి గండమేం చెప్పలేదే. నేనే చెప్పా" అన్నారు ఆవిడ, నా వైపు చూడకుండా.

ఆ సంతలో, చుట్టూ ఎవరికీ తెలుగు రాని చోట, ఆవిడ చెప్పుకుంటూ పోయారు. ఆవిడకి అప్పుడు పదిహేనేళ్ళు. వెనక ఒక చెల్లెలు ఉండేది, లీల అని, పుష్పలీల. చెల్లెలున్న సంగతే మాలో ఎవరికీ తెలియదు. పదేళ్ళ పిల్ల. నల్లగా, సన్నగా, క్షణం కుదురు లేకుండా ఉండేదట. కాలవలో ఆ గట్టుకి ఈది, ఎవరి తోటలోనో జామకాయలు కోసి, నోట కరుచుకుని ఈదుకుంటూ వచ్చేదట. ఈవిడ కాలవంటే భయపడి గట్టు మీద నిలబడి చెల్లెలి బట్టలకి కాపలా కాసేవారట. ఆ రోజు పొద్దుటి నుంచీ గాలి. నాన్న గొడ్లని విప్పడానికి వెళ్ళి మళ్ళీ రాలేదు. సాయంత్రానికి నీళ్ళు వచ్చాయి. వచ్చాయంటే వరదలా పెరగడం కాదు, గోడలా వచ్చాయి. పాకతో సహా కొట్టుకుపోతూ తల్లీకూతుళ్ళు ముగ్గురూ ఒక తుమ్మచెట్టు కొమ్మ పట్టుకున్నారు.

"అమ్మ ఒంటి మీద ఉంది ఒక్క చీరే. మేవిద్దరం. ఎవర్నని కడుతుంది" అన్నారు ఆవిడ. "నన్ను కట్టేసింది చెట్టుకి. లీల చూస్తా ఉంది. 'దానికి ఈతొచ్చులే' అంది అమ్మ. అంతేనే. మళ్ళీ ఓ పెద్ద కెరటం వచ్చింది. తెల్లారి చూస్తే చెట్టుకి నేనొక్కదాన్నే ఉన్నా."

మొన్న ఓడ మీద నేను అన్నది సరిగ్గా ఆ మాటే. ధైర్యం చెబుతున్నాననుకుని అన్నాను.

ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. కట్టుకున్న మావయ్యగారికైనా చెప్పకపోయారా అన్నాను. చెప్పలేదట. చెబితే వినేవాళ్ళు అమ్మని తప్పు పడతారట. "నన్ను బతికించిన మనిషిని నేనే వేలెత్తి చూపినట్టుంటది. అమ్మ తప్పు చేసిందా? ఈత రానిదాన్నేగా కట్టాలి" అన్నారు. మళ్ళీ తనే, "చక్రికి అందుకే నేర్పించలా. ఈతొచ్చిన పిల్లని ఎవరూ పట్టుకోరే" అన్నారు.

ఆవిడ పమిట జారితే సర్దాను. ఆ క్షణంలో నాకు మా అత్తగారి మీద కలిగింది జాలి కాదు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆవిణ్ణి మొదటిసారి ప్రేమించాను, అంతకుముందు గౌరవించాను, భయపడ్డాను, అప్పుడప్పుడూ విసుక్కున్నాను. పళ్ళావిడకి మా మాటల్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడ ఒక పండు ఒలిచి, తొనలు మా అత్తగారి చేతిలో పెట్టి, తినేదాకా పక్కనే నిలబడింది. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఓడెక్కాక చక్రికి చెప్పాను. అతను మంచం మీద కూర్చుని చేతుల్లో మొహం దాచుకున్నాడు. తనకొక పిన్ని ఉండేదని ముప్పై ఏడేళ్ళ వయసులో తెలిసింది అతనికి. రేపు ఆంటిగ్వాలో బీచికి వద్దు, ఊళ్ళో నాలుగు దుకాణాలు చూసి వచ్చేద్దాం, అమ్మని ఇక ఎప్పుడూ నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళొద్దు అన్నాడు. నేనూ సరేనన్నాను. పిల్లని కూర్చోబెట్టి, నానమ్మకి లీల అని చెల్లెలుండేదనీ, సముద్రం పొంగినప్పుడు పోయిందనీ, అందుకే నానమ్మకి భయమనీ చెప్పాను. మనస్విని అంతా విని, లీలకి వెల్లకిలా తేలడం వచ్చా అని అడిగింది. తెలియదన్నాను. అది లేచి గాగుల్స్ తీసి నా బ్యాగులో అడుగున పెట్టేసింది. ఆ పని చూశాక నాకు ఏడుపు ఆగలేదు. ఈత మాట ఇక మా ఇంట్లో ఎత్తకూడదనుకున్నాం ముగ్గురం.

తెల్లవారి మేం కాఫీ తాగుతుంటే తలుపు కొట్టారు. చూస్తే మా అత్తగారు, పాత నేతచీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, కాగితం పొట్లంలో పసుపూ కుంకుమా పట్టుకుని ఉన్నారు. పక్కన మనస్విని, దాని తలకీ నూనె.

"ఇవాళ మాఘ పౌర్ణమి. పిల్లకి సముద్రస్నానం చేయించాలి" అన్నారు ఆవిడ.

కిటికీ లేని గదిలో ఉన్న మనిషికి పౌర్ణమి ఎలా తెలిసిందని చక్రి అడిగాడు. నిన్న సాయంత్రం పైకి వెళ్ళి చంద్రుణ్ణి చూశానన్నారు. ఒక్కరూ వెళ్ళారట. కమ్మీ పట్టుకుని నిలబడ్డారట. చిన్నప్పుడు ఏటా మాఘ పౌర్ణమికి అమ్మ వాళ్ళిద్దర్నీ ఎడ్లబండి మీద హంసలదీవి తీసుకెళ్ళేదట, కృష్ణ సముద్రంలో కలిసే చోట. ఎంత భయమన్నా వదిలేది కాదట, ముక్కు మూసి ముంచేసేదట. చక్రి, వద్దులేమ్మా, నువ్వు మా కోసం బలవంతాన చెయ్యొద్దు అన్నాడు. "నిన్నడగలా" అన్నారు ఆవిడ. ఇంక మాట్లాడేదేముంది, టాక్సీ పిలిచాడు.

ఆంటిగ్వాలో బీచి ఆ పొద్దున ఇంకా ఖాళీగానే ఉంది. కెరటాలు లేవు, పళ్ళెంలో పోసినట్టున్నాయి నీళ్ళు. అయినా ఆవిడ తడి ఇసక మొదలయ్యే చోట ఆగిపోయారు. చాలాసేపు ఆగారు. మేమెవరం తొందర పెట్టలేదు. చివరికి చెప్పులు విడిచి, ఒక చేత్తో నా మణికట్టూ ఇంకో చేత్తో పిల్ల చెయ్యీ పట్టుకుని దిగారు. చీలమండల దాకా, పిక్కల దాకా, మోకాళ్ళ దాకా. అక్కడ నిలబడి పొట్లం విప్పి పసుపూ కుంకుమా నీళ్ళలో వదిలారు. పెదాలు కదిలాయి గాని ఏమన్నారో వినబడలేదు. పిల్ల ముక్కు మూసి మూడు మునకలు వేయించారు. ఈత వచ్చిన పిల్ల, ముక్కు మూయించుకుని బుద్ధిగా మునిగి లేచింది. పక్కన నడుంలోతు నీళ్ళలో ఈతరాని మా ఆయన, చేతులు చాపుకుని కాపలా.

మునకలయ్యాయి. స్నానం అయిపోయింది. బయటికి రావాలి. పిల్ల రాలేదు, అడగనూ లేదు. నీళ్ళ వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ నానమ్మ మొహంలోకి చూసింది. ఆవిడ కూడా దాన్నే చూస్తున్నారు. నా మణికట్టు మీద పట్టు బిగిసింది. పిల్ల చేతి మీద పట్టు వదిలింది.

"ఆ పసుప్పచ్చ పడవ దాకా. మళ్ళీ రావాల" అన్నారు ఆవిడ.

ఆ పడవ ఎంతో దూరంలో లేదు. అయినా మా పిల్ల అటు తిరిగి చేతులు వేస్తూ పోతుంటే నేను ఒక్కో బార లెక్కపెట్టుకున్నాను. ఆవిడ గోళ్ళు నా చేతిలో దిగిపోతున్నాయి. రెప్ప వెయ్యడం లేదు. పిల్ల పడవని ముట్టుకుంది. ముట్టుకుని వెనక్కి తిరక్కుండా, వెల్లకిలా తిరిగి, చేతులు చాచి ఆకాశంలోకి చూస్తూ తేలింది. అక్కడే ఉండిపోయింది. కాసేపటికి మా అత్తగారి ఊపిరి మారింది. ముందుకి ఒక అడుగు వేశారు. గొంతెత్తి పిలిచారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, పెద్దావిడ గొంతు కాదది.

"లీలా. ఇంక చాల్లే, వచ్చెయ్."

చక్రి ఉలిక్కిపడి నావైపు చూశాడు. నేను ఆవిడ వైపు చూశాను. ఏ పేరు పెట్టి పిలిచారో ఆవిడకి తెలియలేదు. మాకందరికీ తెలిసింది, పిల్లకి కూడా. నీళ్ళ మీద తల ఎత్తి, ఒక్క క్షణం ఒడ్డు వైపు చూసింది.

"కమింగ్" అని అరిచింది మనస్విని. తిరిగి, చేతులు వేసుకుంటూ, తిన్నగా ఆవిడ దగ్గరికి ఈదుకుంటూ వచ్చేసింది.